వాడేవారి సంతకం

2006 జూన్‌లో నన్ను చింతామణి శాఖ నుంచి చిక్కబళ్ళాపురంలోని ప్రధాన కార్యాలయానికి సిస్టమ్స్ ఆఫీసరుగా వేశారు. మాది ఒక రైతుల సహకార సంఘం. పేరు రాయను. అందులో పనిచేసినవాళ్ళు కొందరు ఇంకా ఉన్నారు, వాళ్ళను నొప్పించడం నా ఉద్దేశం కాదు. విత్తనాలు, ఎరువులు తెప్పించి సభ్యులకు పంచడం, వాళ్ళ పంట అమ్మిపెట్టడం సంఘం పని. బాగేపల్లిలోనూ చింతామణిలోనూ శాఖలుండేవి. సిస్టమ్స్ ఆఫీసరు అనే మాట వినడానికి పెద్దగా ఉంటుంది గానీ, హోదాలో హెడ్ క్లర్కుకు పైన, సూపరింటెండెంటుకు కింద. మూడు ఊళ్ళలో కలిపి ఇరవై రెండు కంప్యూటర్లు, వాటి ప్రింటర్లు, బ్యాటరీలు నా బాధ్యత. నా చేతికింద ఉన్న మనిషి నాగరాజు ఒక్కడే. పేరేసంద్రలో ఇరవై ఏళ్ళు రేడియోలు బాగుచేసి, రేడియోల కాలం పోయాక కంప్యూటర్లకు వచ్చినవాడు. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద.

నేను చెప్పబోయేది బాగేపల్లి శాఖ టైపిస్టు సరోజమ్మ సంగతి. అప్పటికి ఆమె పదకొండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. సంఘంలో ఖాయం అయినవాళ్ళు, అంటే పర్మనెంటువాళ్ళు, అట్టవేసిన హాజరు పుస్తకంలో సంతకం పెట్టేవారు. కానివాళ్ళకు విడి కాగితాలు, నెలకొకటి, దారంతో కట్టినవి. నెల తిరిగితే ఆ కాగితం యాడికి పోతుందో ఎవరికీ తెలియదు. "ఒక్కసారి ఆ బుక్కులో సంతకం పెట్టి చచ్చిపోతా సార్" అని ఆమె నవ్వుతూ అనేది. నవ్వుతూ అన్నా అది నవ్వులాటకు అన్న మాట కాదని అందరికీ తెలుసు. ఖాయం చేయడానికి వయసు నలభై దాటకూడదు. 2007 ఏప్రిల్‌కు ఆమెకు నలభై నిండుతాయి.

ఇంకొకటి కూడా ముందే చెప్పాలి. మాది కన్నడ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే ప్రాంతం కాబట్టి, సంఘంలో మాటంతా తెలుగు, కాగితమంతా కన్నడం. ఎరువు కావాలని వచ్చిన రైతు తెలుగులో అడుగుతాడు, క్లర్కు తెలుగులోనే బదులు చెప్తాడు, చెప్తూనే కన్నడంలో రసీదు రాస్తాడు. నోటీసులు, సభల్లో జరిగింది రాసుకునే నడవళ్ళు, సర్కారుకు పోయే ఉత్తరాలు అన్నీ కన్నడమే. పుట్టినప్పటి నుంచీ ఇదే అలవాటు కాబట్టి, ఇది గమనించాల్సిన సంగతని నాకు ఏనాడూ తోచలేదు.

ఆ జులైలో ఆడిట్‌వాళ్ళు ఒక అభ్యంతరం రాశారు. మా ఇరవై రెండు మెషీన్లలోనూ నడుస్తున్నది ఒకే ఒక్క సీడీ నుంచి ఎక్కించిన ఆపరేటింగ్ సిస్టమ్ నకళ్ళు. దేనికీ లైసెన్సు లేదు. అవన్నీ తీసేయాలి, తీసేసినట్టు ధ్రువపత్రం పంపాలి. కార్యదర్శి రామచంద్రప్ప నన్ను పిలిపించారు. సోమేనహళ్ళి వైపు పెద్ద రైతు కుటుంబం ఆయనది. మాట కటువు, మనసు చెడ్డది కాదు.

"కొనేది లేదప్పా. పుక్కటగా దొరికేది ఏదో ఉండాదంట గదా, అది వెయ్యి. అయితే నౌకరులు వచ్చి నా తలకాయ తినకూడదు. మెత్తగా పోవల్ల, అంతే" అన్నారు.

మెత్తగా పోవాలి. నాకు ఇచ్చిన ఆదేశమంతా ఆ రెండు మాటలే. దానికి నేను చెప్పుకున్న అర్థమే తరువాత జరిగినదానికంతా మూలం.

ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఒకటి కాదు. లినక్స్ అనే ఒకే పునాది మీద లోకంలో పదిమంది పదిరకాలుగా ఇళ్ళు కట్టి పెట్టారు. వాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు. తెర మీద కనిపించే కిటికీలు, మెనూలు, బొమ్మలు ఇంకో విడి భాగం. దాని పేరు డెస్క్‌టాప్. దాన్ని కూడా మనకు కావలసినట్టు ఎంచుకోవచ్చు. బరువైనవి ఉన్నాయి, తేలికైనవి ఉన్నాయి. నేను మూడు డిస్ట్రిబ్యూషన్లు తీసుకున్నాను. ఒకటి పత్రికతో పాటు వచ్చిన సీడీ, ఒకటి బెంగళూరులో తెలిసినాయన ఇచ్చినది, మూడోది పోస్టులో తెప్పించుకున్నది. పేర్లు చెప్పి ప్రయోజనం లేదు. ఆనాటి రూపంలో ఇవాళ ఏదీ లేదు, జరిగినదానిలో వాటి తప్పు కూడా లేదు.

నా పద్ధతి గురించి అప్పట్లో నాకు గొప్ప నమ్మకం. సంఘంలో అన్నిటికంటే నత్తనడక మెషీన్‌ను, నూట ఇరవై ఎనిమిది ఎంబీ మెమరీ ఉన్నదాన్ని, వెనుక గదిలో పెట్టించాను. ఇది మెత్తగా నడిస్తే మిగతావన్నీ నడుస్తాయని లెక్క. నాగరాజు వాళ్ళన్న డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన స్టాప్‌వాచ్ తెప్పించాం. స్విచ్చి నొక్కినప్పటి నుంచి మౌసు కదిలే దాకా ఎన్ని సెకన్లు, ఉత్తరం రాసే ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు, ప్రింటర్ నడుస్తుండగా ఒక కిటికీని పట్టి లాగితే తునకలు కాకుండా వస్తుందా. ప్రతిదీ మూడుసార్లు చేసి మధ్య అంకె రాసుకునేవాళ్ళం. మొదటి డిస్ట్రిబ్యూషన్ చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉంది గానీ లేవడానికే మూడు నిమిషాలు. రెండోది చురుకైనదే, మా చుక్కల ప్రింటర్‌ను, అంటే డాట్ మ్యాట్రిక్స్‌ను, మాత్రం గుర్తుపట్టలేదు. మూడోదానికి తేలికైన డెస్క్‌టాప్ తగిలించి, అక్కర్లేని సేవలన్నీ ఆపేసి, బొమ్మల హంగులు తీసేసి, రోజుకు కొంత కొంత చెక్కుకుంటూ పోయాను. సెప్టెంబరు ఆఖరుకు అది యాభై ఎనిమిది సెకన్లలో లేచి నిలబడింది. కిటికీలు నూనె రాసినట్టు జారాయి. నాగరాజు చేతిలో స్టాప్‌వాచ్ పట్టుకుని "సార్, ఇది మన పాత మిషనేనా!" అన్నాడు. చిన్న ముచ్చటే కావచ్చు. నా ఉద్యోగంలో అంతకు ముందు గానీ ఆ తరువాత గానీ అంత సంతోషపడిన రోజు లేదు.

పరీక్షల జాబితాలో ఆఖరి అంశం స్థానిక భాష. నాగరాజు ఒక తెలుగు పేజీ తెరిచాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. నేను ఒక్కొక్క మీటా వెతుక్కుంటూ మా ఊరి పేరు తెలుగులో కొట్టాను. వచ్చింది. తరువాత ఒక కన్నడ పేజీ తెరిచి చూశాం. అదీ చక్కగా కనిపించింది. ఇద్దరం చదివి తలలూపాం. నేను టిక్కు పెట్టాను. మా ఇద్దరిదీ తెలుగే. ఇద్దరికీ కన్నడం చదవడం వచ్చు, చేత్తో రాయడం వచ్చు, టైపు చేయడం రాదు. టైపు చేసేవాళ్ళు వేరే ఉన్నారు, వాళ్ళు ఆ గదిలో లేరు. తెలుగులో మాట్లాడుకుంటూ, తెలుగులో పరీక్షించి, కన్నడంలో నడిచే కచేరికి సిస్టమ్ ఎంచుకున్నాం. బయటివాడెవడూ ఈ పొరపాటు చేయడు. వచ్చీ రాగానే "ఇక్కడ రాసేది ఏ భాష" అని అడిగి ఉండేవాడు.

కొత్త వస్తువు ఏది వచ్చినా సంఘంలో స్వీకార పత్రం నింపాలి. ఏమి పరీక్షించారు, ఫలితమేమి, పరీక్షించిన అధికారి సంతకం, కింద కుడిపక్క వాడేవారి సంతకం. ఒక్కొక్క కార్యాలయానికి ఒక్కొక్క పత్రం. బాగేపల్లిలో మెషీన్ మీద చేయిపెట్టే మనిషి సరోజమ్మ ఒక్కతే. శాఖ మేనేజరు దాని జోలికే పోడు. అయితే నిబంధన ప్రకారం ఖాయం కాని ఉద్యోగి సంతకం దస్తావేజు మీద చెల్లదు. అలాంటప్పుడు అధికారి వాడేవారి తరఫున సంతకం పెట్టవచ్చు. పెట్టవచ్చు అంటే, వాళ్ళను అడిగి, వాళ్ళ మాట విని, దాన్ని బట్టి పెట్టాలని అర్థం. ఆ అర్థం నాకు తెలుసు. అక్టోబరు ఆఖరున ఒక మధ్యాహ్నం మూడు పత్రాలూ ముందు పెట్టుకుని, కీబోర్డు అమరిక అనే వరుసలో "సిస్టమ్‌తో వచ్చినదే" అని రాసి, బాగేపల్లి పత్రం మీద వాడేవారి గడిలో నేనే సంతకం చేశాను. బాగేపల్లికి గంటన్నర బస్సు ప్రయాణం. ఇంకో నాలుగు రోజుల్లో ఎటూ పోతాం కదా అనుకున్నాను.

నవంబరు మొదటి వారంలో బాగేపల్లి మెషీన్ మార్చాం. ఆయుధపూజకు పెట్టిన కుంకుమ ఇంకా దాని మీద ఉంది. సరోజమ్మ బల్ల తుడిచి, కాగితాలు సర్ది పక్కన నిలబడింది. పాత సిస్టమ్ తుడిచేసి కొత్తది ఎక్కించి, ఆమెను కూర్చోబెట్టాను. యాభై ఎనిమిది సెకన్ల సంగతి కూడా చెప్పాను. ఆమె చేతులు మీటల మీద పెట్టి, పక్కనున్న నోటీసు చూస్తూ, తెర వంక చూడకుండానే ఒక వాక్యం గబగబా కొట్టింది. తరువాత తలెత్తి చూసింది. తెర మీద ఉన్నది ఏ భాషా కాదు.

"సార్, నా అక్షరాలు యాడ పోయినాయి?" అంది.

ఆమె నేర్చుకున్నది బాగేపల్లి టైపింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో, కన్నడ టైపురైటర్ మీద. మా పాత సిస్టమ్‌లోని కన్నడ ప్రోగ్రామ్ ఆ టైపురైటర్ అమరికను కూడా కంప్యూటర్‌కు తెచ్చిపెట్టింది కాబట్టి ఆమె వేళ్ళకు తేడా తెలియలేదు. కొత్త సిస్టమ్‌తో వచ్చిన అమరిక వేరు. భారతీయ భాషలన్నిటికీ ఒకే వరుస ఉండాలని పెద్దలు ఆలోచించి చేసినది. మిగతా రెండు ఊళ్ళ టైపిస్టులు కంప్యూటర్ క్లాసుల్లో దీన్నే నేర్చుకున్నవాళ్ళు. నేను ఆమెకు ఇదంతా వివరించాను. ఇది శాస్త్రీయమైనదమ్మా, పదిరోజులు కూర్చుంటే వచ్చేస్తుంది అన్నాను. ఎవరి వేళ్ళకు పదిరోజులు, ఆ లెక్క యాడిది అని ఆమె అడగలేదు. ఇంతలో మేనేజరు వచ్చి, ఎట్లుండాదమ్మా కొత్త మిషను అని అడిగాడు. ఆమె నా వంక ఒకసారి, ఆయన వంక ఒకసారి చూసి, "బాగుండాది సార్. జోరుగా పోతాది" అంది.

మా వైపు ఇద్దరు పైవాళ్ళ ముందు అడిగితే కిందివాళ్ళు చెప్పే జవాబు అదొక్కటే. దానికి అర్థమేమిటో చింతామణిలో పదిహేనేళ్ళు గుమాస్తాగా చేసిన నాకు తెలియంది కాదు. అలాంటి జవాబులు నేనూ ఎన్నో చెప్పాను. అయినా టూర్ రిపోర్టులో "తృప్తికరం" అని రాసుకున్నాను. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అన్నవాడికి నాలుగో కాలు కళ్ళెదుట ఆడినా కనిపించదు.

డిసెంబరుకు మూడు ఊళ్ళలోనూ పని పూర్తయింది. పాత నకలు ఒక్కటీ మిగల్లేదని ధ్రువపత్రం నేనే రాశాను, కార్యదర్శి సంతకం చేశారు. కార్యవర్గ సభలో నన్ను మెచ్చుకుంటూ నడవళ్ళలో రెండు వాక్యాలు రాయించారు. ఆ వాక్యాలు ఎవరు టైపు చేశారో, ఎంతసేపు పట్టిందో నేను అడగలేదు.

2007 జనవరిలో ఆదేశం వచ్చింది. శాఖకు ఒక్క టైపిస్టును ఖాయం చేస్తారు. మార్చి మొదటి వారంలో పరీక్ష. కన్నడంలో నిమిషానికి ముప్పై మాటలు, పది నిమిషాలు, సంఘం స్వీకరించిన సిస్టమ్ మీదనే. బాగేపల్లి స్థానానికి సరోజమ్మ కాక ఇంకో ఇద్దరు అర్జీలు పెట్టారు.

వారం తిరక్కుండానే ఆమె చిక్కబళ్ళాపురం వచ్చింది. సెలవు పెట్టి, మొదటి బస్సుకే వచ్చినట్టుంది. నేను వచ్చేసరికి గది బయట బెంచీ మీద ఉంది. ఈసారి పక్కన మేనేజరు లేడు, నిజం చెప్పింది. రెండు నెలలుగా రోజూ అందరూ పోయాక గంటసేపు కూర్చుని నేర్చుకుంటోంది. వేగం పద్నాలుగు మాటల దగ్గర ఆగిపోయింది. పాత అమరికలో ఆమె వేగం నలభై.

"మీటలు చూసి కొడితే అక్షరం వస్తాది సార్. కండ్లు కాగితం మీద పెడితే వేళ్ళు పాత తావులకే పోతాండాయి. నేను పొమ్మనడం లేదు, అవే పోతాండాయి" అంది.

చూపించమన్నాను. నాగరాజు ఒక పాత కీబోర్డు తెచ్చి, దేనికీ తగిలించకుండానే బల్ల మీద పెట్టాడు. నేను ఫైలులోంచి ఒక నోటీసు చదువుతూ పోయాను, ఆమె పాత పద్ధతిలో కొడుతూ పోయింది. పది వేళ్ళూ ఒక్క క్షణం తడబడలేదు. నేను గుక్కతిప్పుకోవడానికి ఆగితే ఆగింది, చదివితే సాగింది. తెర లేదు, అక్షరాలు లేవు, కిటికీలు జారడం లేదు. అయినా మెత్తగా పోవడమంటే ఏమిటో నేను మొదటిసారి చూసింది ఆ రోజే. రెండు నెలలు స్టాప్‌వాచ్ పట్టుకుని తెర వంకే చూస్తూ కూర్చున్నాను. ఒక్కరోజు బాగేపల్లి పోయి ఆమె పక్కన కూర్చుని ఉంటే సరిపోయేది. నాగరాజు తల వంచుకుని బయటికి పోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు పరుగులు మొదలుపెట్టాను. మొదట కార్యదర్శి దగ్గరికి పోయి, పరీక్ష మట్టుకు ఒక్క మెషీన్‌లో పాత సిస్టమ్ వేయనివ్వండి అని అడిగాను.

"ఏమప్పా, ఒక్కటీ మిగల్లేదని నువ్వే గదా రాసిస్తివి. నువ్వు రాసిస్తే నేను సంతకం పెడితి. ఇప్పుడు మల్లా దొంగది వెయ్యమంటావా?" అన్నారు. పరీక్ష వాయిదా వేయమని అడిగితే, ఏప్రిల్ దాటితే ఆయమ్మకే వయసు దాటుతాదని ఆయనే గుర్తుచేశారు.

ఇక మిగిలింది ఒకటే దారి. కొత్త సిస్టమ్‌లోనే పాత టైపురైటర్ అమరికను నేను తయారుచేయాలి. లినక్స్‌లో అందుకు అవకాశం ఉంది. ఏ మీట నొక్కితే ఏ అక్షరం రావాలో ఒక పట్టిక రాసి ఇస్తే అది వింటుంది. నాగరాజు బాగేపల్లి ఇన్‌స్టిట్యూట్‌కు పోయి, మూల పడేసిన టైపురైటర్ ముందు కూర్చుని మీటల బొమ్మ గీసుకొచ్చాడు. చెప్పినంత సులువు కాలేదు. టైపురైటర్ మీద అక్షరాలను కంటికి కనిపించే వరుసలో కొడతారు. కంప్యూటర్ వాటిని నోటికి పలికే వరుసలో దాచుకుంటుంది. "సూర్య" అనాలంటే కన్నడ టైపురైటర్‌లో య కొట్టి, ఆ తరువాత దాని పక్కన ర గుర్తు కొట్టాలి. కంప్యూటర్‌కు ర ముందు కావాలి, య తరువాత కావాలి. అంటే ఇప్పటికే కొట్టిన అక్షరాన్ని వెనక్కి తీసి, వరుస మార్చి మళ్ళీ పెట్టాలి. అలాంటివి ఒకటా, రెండా. మూడు వారాలు సెలవు దినాలు కూడా లేకుండా కూర్చున్నాను. తెలుగు మాట్లాడే మనిషిని కన్నడ ఒత్తులు కలలోకి వచ్చి వేధించాయి. పరీక్ష నాలుగు రోజులు ఉందనగా పట్టిక పూర్తయింది.

ఆ ఆదివారం సరోజమ్మను పిలిపించాను. కూర్చుంది, నోటీసు పక్కన పెట్టుకుంది, తెర చూడకుండా కొట్టింది. నాగరాజు స్టాప్‌వాచ్ పట్టాడు. నిమిషానికి ముప్పై ఆరు మాటలు. ఆమె తలెత్తి తెర చూసుకుని చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. "వచ్చినాయి సార్! అన్నీ తావుకొచ్చినాయి!" అంది. ఇంటి నుంచి తెచ్చిన వేరుశనగ ఉండలు ముగ్గురం పంచుకుని తిన్నాం. ఇల్లు అలకగానే పండగ కాదని మాకు ఆ పూట గుర్తు రాలేదు.

సోమవారం కార్యదర్శికి చెప్పాను. ఆయన బాగేపల్లి స్వీకార పత్రం తెప్పించి, వేలితో వరుస చూపించారు. కీబోర్డు అమరిక: సిస్టమ్‌తో వచ్చినదే. కింద వాడేవారి సంతకం. సంఘం స్వీకరించిన సిస్టమ్ అంటే ఆ పత్రంలో ఉన్నది. దాన్ని మార్చాలంటే సాంకేతిక ఉపసమితి కూర్చోవాలి. అది మూడు నెలలకొకసారి కూర్చుంటుంది. ఈసారి ఏప్రిల్‌లో.

"ముగ్గురు పరీక్షకొస్తాండారు. ఇద్దరికి ఒక తీరు, ఆయమ్మకు ఒక తీరు ఎట్ల పెట్టేది? రేపు ఎవడో ఒకడు పైకి అర్జి వేస్తే నేను యాడ పోవల్లప్పా? ఈ సంతకం నీదే గదా?" అన్నారు.

నాదే అన్నాను. ఆయన కోపంగా అడగలేదు, నిజంగానే దారి వెతుకుతూ అడిగారు. దారి లేకుండా మూసింది నా సంతకమే. ఖాయం కానందువల్ల ఆమె సంతకం చెల్లలేదు. ఆమె సంతకం చెల్లనందువల్ల నేను పెట్టాను. నేను పెట్టినందువల్ల ఆమె ఖాయం కాకుండా పోతోంది. ఆ పత్రం ముందు కూర్చుని ఈ మూడు వాక్యాలూ తిరగేసి మరగేసి చూసుకున్నాను. ఎక్కడా సందు దొరకలేదు.

ఎవరికీ చెప్పకుండా బాగేపల్లి మెషీన్‌లో ఆ పట్టిక ఎక్కించవచ్చు. పది నిమిషాల పని. చూసేవాళ్ళకు తెలియదు. నాగరాజు ఆ మాట అన్నాడు కూడా. బయటపడితే నా ఉద్యోగం మీదికి వస్తుంది, ఆమెనూ పూర్తిగా తీసేస్తారు అని చెప్పాను. ఆ రెండో కారణం నిజమే. కానీ నన్ను ఆపింది మొదటిదే. ఈ వయసులో దాచుకోవడానికి ఏముంది. నాకు భయం వేసింది.

పరీక్ష రోజు సమయపాలకుడిగా నన్నే వేశారు, సాంకేతిక అధికారి ఉండాలన్న నిబంధన ప్రకారం. అదే స్టాప్‌వాచ్. పెద్ద కుంకుమ బొట్టు పెట్టుకుని, పట్టుపంచు చీర కట్టుకుని వచ్చింది సరోజమ్మ. పట్టిక వాడడానికి లేదని ముందు రోజే ఫోనులో చెప్పాను. "సరే సార్" అంది. నేను స్టాప్‌వాచ్ నొక్కాను. మొదటి రెండు నిమిషాలు ఆమె మీటలు చూసుకుంటూ నెమ్మదిగా కొట్టింది. మూడో నిమిషానికి వెనకబడుతున్నానని తెలిసి కళ్ళు కాగితం మీద పెట్టింది. వేళ్ళు వేగం అందుకున్నాయి, చప్పుడు హాయిగా వినిపించింది. ఏం జరుగుతోందో నాకు అర్థమైంది. చెప్పడానికి వీల్లేదు. అరనిమిషం తరువాత ఆమె తెర చూసింది. కొట్టిందంతా చెరుపుకుంటూ వెనక్కి వచ్చింది. ఆ తరువాత మళ్ళీ వేగం జోలికి పోలేదు. పది నిమిషాలయ్యాక నేను ఆపమన్నాను.

పదిహేడు మాటలు. కైవార వైపు నుంచి వచ్చిన ఒకతను మొదటి నుంచీ కంప్యూటర్ మీదే ఈ కొత్త అమరిక నేర్చుకున్నవాడు. అతనికి ముప్పై రెండు. అతను బాగా చేశాడు, స్థానం అతనికే రావాలి. అందులో అన్యాయమేమీ లేదు.

ఆమె లేచి, చీర చెంగు సర్దుకుని నా దగ్గరికి వచ్చింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "వేళ్ళకు చెప్పినా సార్. అవి ఇనలేదు" అంది. తరువాత లోపలికి పోయి, దారంతో కట్టిన కాగితంలో ఆ రోజు సంతకం పెట్టి, పెండింగులో ఉన్న నోటీసు టైపు చేయడానికి కూర్చుంది.

మార్చి ఆఖరున ఆమె ఒప్పందం ముగిసింది. ఖాయం మనిషి వచ్చాక తాత్కాలికం అక్కర్లేదు కదా. ఏప్రిల్‌లో సాంకేతిక ఉపసమితి కూర్చుంది. నా పట్టికను ఐదు నిమిషాల్లో ఆమోదించారు, బాగుందన్నారు. మూడు ఊళ్ళలోని ఇరవై రెండు మెషీన్లలోనూ ఎక్కించాను. సూర్య అని కొడితే సూర్య అనే వస్తుంది, ఒక్క ఒత్తు తప్పదు. నేను దిగిపోయే దాకా దాన్ని ఎవరూ వాడలేదు. వాడడం తెలిసిన మనిషి సంఘంలో లేదు.

మరుసటి ఏడు ఏదో పని మీద బాగేపల్లి పోతుంటే, తాలూకా కచేరి ఎదుట రేకుల కింద ఆమె కనిపించింది. ముందు పాత కన్నడ టైపురైటర్, పక్కన అర్జీ రాయించుకోవడానికి నిలబడ్డ మనిషి. చూపు కాగితం మీద ఉంది, వేళ్ళు వాటి దారిన అవి పోతున్నాయి. బస్సు అక్కడ కాసేపు ఆగింది. నేను దిగలేదు. దిగి ఏమని పలకరించాలో తెలియలేదు. ఆ తరువాత ఆ టైపురైటర్లు కూడా పోయాయి. ఆమె ఏమైందో నాకు తెలియదు, ఎవరినీ అడగలేదు.

2009లో రిటైరయ్యే లోపు ఇంకో రెండు స్వీకార పత్రాలు నా చేతి మీదుగా పోయాయి. రెండుసార్లూ మెషీన్ తెరవక ముందే దాన్ని వాడే మనిషి పక్కన ఒక పూట కూర్చున్నాను, తెర వంక చూడకుండా చేతుల వంక చూశాను. వాడేవారి గడిలో వాళ్ళ చేతే సంతకం చేయించాను, ఖాయమైనా కాకపోయినా. చెల్లదని పైనుంచి తిప్పి పంపారు. అలాగే మళ్ళీ పంపాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇంతే: సిస్టమ్ మెత్తగా నడుస్తోందని రాసే హక్కు దాన్ని ఎంచుకున్నవాడికి లేదు. బాగేపల్లి పత్రంలో మాత్రం ఆ గడిలో ఉన్నది నా సంతకమే.